పంచే చోట ఎవరున్నారు?

(అధ్యయన పాఠము)

చదువవలసిన భాగములు: అపొ. కార్యములు 6:1-7, యాకోబు 2:1-9, 1 కొరింథీయులకు 1:26-29

పాఠము యొక్క ఉద్దేశ్యము: పేదరికము మీద పోరాటము, మనుషుల మధ్య సమానత్వము వేర్వేరు పనులు కావని, ఒకటి లేకుండ రెండవది నిలువదని గ్రహించుట.



మనము కాపురముంటున్న ఈ పేట పేరును గురించి ఒకసారి ఆలోచించండి. కంపెనీ వారు ఈ తీరములో నేత బట్టలు కొని ఓడల మీద పంపే రోజులలో, ఆ బట్టలను ఉతికి చలువ చేసే పనివారు ఉన్న చోటు గనుక దీనికి వాషర్‌మెన్‌పేట్ అని పేరు వచ్చినది. తమిళములో వణ్ణారపేట్టై అంటారు. ఒక పేటకు పేటయే అక్కడివారి పనిని బట్టి, ఆ పనిని మోసిన కులమును బట్టి పేరు పెట్టబడినది. మన దేశములో పని అనేది చాలామంది ఎంచుకొన్నది కాదు, పుట్టుకతో అంటుకొన్నది.

మన పెద్దలు నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల నుండి కూలి వెదకుకొంటూ ఈ పట్టణమునకు వచ్చారు. కొందరు రేవులో మూటలు మోశారు. కొందరు మిల్లులలో చేరారు. అనేకులు కార్పొరేషన్‌లో చీపురు పట్టారు. ఈ పాఠము వ్రాయుచున్న నేను కూడ చీపురు పట్టిన ఇంటిలో పుట్టినవాడనే. మా అమ్మ తెల్లవారక ముందే చీపురు, తట్ట తీసుకొని వెళ్ళేది. ఎండ ఎక్కిన తరువాత ఏ ఇంటి ముందైనా మంచినీళ్ళు అడిగితే, గ్లాసు ఇవ్వరు, ఆమె దోసిలి పట్టాలి, పైనుండి పోసేవారు. ఆమె జీతము పెరిగిన సంవత్సరములు ఉన్నాయి. ఆ దోసిలి మాత్రము మారలేదు.

ఈ సంగతి మనస్సులో పెట్టుకొని నేటి పాఠములోనికి వెళ్దాము. మన సంఘములలో పేదల కొరకు ఏదో ఒక పని జరుగుతూనే ఉన్నది. క్రిస్మస్‌కు చీరలు, వరద వచ్చినప్పుడు బియ్యము, జూన్ నెలలో పిల్లలకు నోటు పుస్తకములు. ఇవన్నీ మంచివే. అయితే మనము సాధారణముగా అడుగని ప్రశ్న ఒకటి ఉన్నది. తరము తరువాత తరము తీసుకొనే వరుసలో అవే కుటుంబములు ఎందుకున్నాయి? పంచే బల్ల దగ్గర ఎవరున్నారు?

1. యెరూషలేములో వచ్చిన సణుగు

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో మొదటి సంఘములో ఒక తగాదా కనబడుచున్నది. సంఘము పెరుగుచున్న దినములవి. ప్రతి దినము విధవరాండ్రకు ఆహారము పంచుచున్నారు. అయితే గ్రీకు భాష మాట్లాడేవారి విధవరాండ్రు ఆ పంపకములో వెనుకకు నెట్టబడినారని సణుగు బయలుదేరినది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఆహారము కొరత అని అక్కడ వ్రాయబడలేదు. ఉన్నది పంచుటలోనే తేడా. రెండవది, ఆ తేడా ఎవరికి తగిలినదో చూడండి. వేరే దేశములలో పెరిగి, వేరే భాష మాట్లాడుతూ, ఆ పట్టణములో పరాయివారిగా కనబడిన కుటుంబములకు తగిలినది. అందులోను విధవరాండ్రకు. పేదరికము, పరాయితనము కలిసి ఒకే మనిషి మీద పడినవి. తమిళ పట్టణములో తెలుగు మాట్లాడుతూ బ్రతుకుచున్న మనకు ఇది ఎవరూ వివరించనక్కరలేదు.

అపొస్తలులు ఏమి చేశారు? సణిగినవారిని గద్దించలేదు. ఇంకొక గంప రొట్టెలు పంపి ఊరుకోలేదు. ఏడుగురిని ఏర్పరచుకొని ఆ పనిమీద నియమించుడని సంఘముతో చెప్పారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. ఎవరి వైపు అన్యాయము జరిగినదో, పంచే అధికారము ఆ వైపు వారి చేతికి ఇవ్వబడినట్లు ఆ పేర్లను బట్టి తెలియుచున్నది. తీసుకొనే వరుసలో ఉన్నవారు పంచే బల్ల వెనుకకు వచ్చారు. నేటి పాఠమునకు ఇదే తాళపుచెవి.

2. ఒంగోలులో వచ్చిన పరీక్ష

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలో ఇదే ప్రశ్న మొదటి దినములలోనే వచ్చినది. నెల్లూరులో 1840లో ప్రారంభమైన పని ఎన్నో సంవత్సరములు ఫలము లేక, మూసివేయుదమా అని అమెరికాలో చర్చించునంత వరకు వెళ్ళినది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. అక్కడి పెద్ద కులముల వారిలో కొందరు ఆయన బోధ మీద ఆసక్తి చూపారు. అదే సమయములో ఎర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యము వలన పల్లెలలోని మాదిగలు కూడ రాసాగారు. అప్పుడు ఆ పెద్దలు, వీరిని చేర్చుకొంటే మేము రాము అన్నారు.

ఆలోచించండి. చదువు, భూమి, పలుకుబడి ఉన్నవారు ఒక వైపు. చర్మము ఊనుచు, చెప్పులు కుట్టుచు, ఊరి వెట్టి చేయువారు ఒక వైపు. లోక జ్ఞానము ఏమి చెప్పును? ముందు పెద్దలను చేర్చుకొందాము, తరువాత వారే పేదలను ఆదుకొంటారు అని చెప్పును. క్లౌ దొరగారు, ఆయన భార్య వేర్వేరు గదులలో ఉండి బైబిలు తెరువగా ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయములోని ఒకే భాగము దొరికినదని ఆయన తన జీవిత కథలో వ్రాసుకొన్నారు. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పే భాగమది. తలుపు అందరికీ తెరువబడినది. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడినది. రాననుకొన్నవారు రాలేదు.

ఆ దినమున ఆయన పెద్దల షరతుకు ఒప్పుకొని ఉంటే, మనకు బియ్యము పంచే మిషను ఒకటి ఉండేదేమో గాని, మనము సభ్యులుగా, బోధకులుగా, డీకనులుగా కూర్చొనే సంఘము ఉండేది కాదు.

3. కాలువ గట్టు మీద

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో గొప్ప కరువు వచ్చినది. లక్షలాది ప్రజలు చనిపోయారు. 1877లో ప్రభుత్వము తరపున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనిలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించారు. ఆ కూలితో మట్టి మోసే మనిషి బ్రతుకుట కష్టమని ఆనాటి వైద్యాధికారులే వాదించారు.

ఆ కరువు పనులలో బకింగ్‌హామ్ కాలువ ఒకటి. కొరుక్కుపేట, బేసిన్ బ్రిడ్జి పక్కగా నేడు నల్లగా పారుచున్న ఆ కాలువను మనము రోజూ ముక్కు మూసుకొని దాటుచున్నాము. దాని ఉత్తర భాగమును ఒంగోలు ప్రాంతములో త్రవ్వినవారిలో మన తాతముత్తాతలు ఉన్నారు.

కరువు పని అందరికీ అని ప్రభుత్వము చెప్పినది. కాని అంటరానివారని పేరుపడిన ప్రజలు పై కులముల మేస్త్రీల క్రింద పనికి వెళ్ళుటకు భయపడ్డారు. తిట్లు, తోపులు, కూలిలో కోత ఉంటాయని వారికి తెలుసు. పని ఉన్నా, కూలి ఉన్నా, దాని దగ్గరకు వెళ్ళే దారిలో కులము అడ్డముగా నిలిచినది. క్లౌ దొరగారు యౌవనములో భూమి సర్వే పని నేర్చినవారు. ఆయన మూడున్నర మైళ్ళ కాలువను తానే కాంట్రాక్టుకు తీసుకొన్నారు. తన తెలుగు బోధకులను మేస్త్రీలుగా నియమించారు. వారిలో చాలామంది మాదిగలే. కొలత వేసేవాడు, లెక్క వ్రాసేవాడు, కూలి ఇచ్చేవాడు తమవాడైనప్పుడు జనులు వేలాదిగా ఆ పనికి వచ్చి ప్రాణములు నిలుపుకొన్నారు.

ఇంకొక సంగతి మరువకూడదు. కూలి కొరకు విశ్వాసము అమ్ముడుపోకూడదని, ఆ పని సాగినంత కాలము ఆయన బాప్తిస్మములు ఇవ్వలేదు. పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి దగ్గర 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్య మనకందరికీ కంఠతా వచ్చును. కాని ఆ సంఖ్యకు ముందు కాలువ గట్టు మీద ఏమి జరిగినదో మనము పిల్లలకు తక్కువగా చెప్పుచున్నాము. యెరూషలేములో జరిగినదే అక్కడ మరల జరిగినది. పంచే చోట మనుషులు మారినారు.

4. మిల్లు గేటు దగ్గర ఓటమి

సమానత్వము లేకుండ పేదరికము మీద పోరాడితే ఏమగునో చూచుటకు దూరము వెళ్ళనక్కరలేదు. పెరంబూరులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు ఉండేవి. అవి 1996లో మూతపడినవి. అక్కడి కార్మికుల మధ్యనే 1918లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టినది. మన దేశములోని మొట్టమొదటి కార్మిక సంఘములలో అది ఒకటి.

1921లో ఆ మిల్లులలో పెద్ద సమ్మె వచ్చినది. సవర్ణ హిందూ కార్మికులు, ముస్లిము కార్మికులు సమ్మెలో నిలిచారు. ఆది ద్రావిడ కార్మికులు ఎక్కువమంది పనికి వెళ్ళారు. వారికి చేతిలో నిలవ లేదు. పైగా, పనిలో తోడుగా ఉన్నవాడు వీధిలో తమను తాకనివాడు. అటువంటివాని మాట నమ్మి ఆకలికి ఎందుకు సిద్ధపడాలి? యజమానులు ఆ చీలికను వాడుకొన్నారు. పుళియాంతోపులో గుడిసెలు తగులబడ్డాయి, పోలీసు కాల్పులు జరిగాయి, పేదలే పేదలను చంపుకొన్నారు. నెలల తరబడి సాగిన సమ్మె చివరకు ఓడిపోయినది.

తప్పు ఎవరిదని నేటికీ వాదించుకొంటారు. మనకు కావలసిన పాఠము ఒకటే. ఒకే మిల్లు, ఒకే ఆకలి. అయినా, ఒకే పంక్తిలో కూర్చొని అన్నము తిననివారు ఒకే పంక్తిలో నిలిచి పోరాడలేకపోయారు.

5. మెంఫిస్‌లో చెత్త బండి

ఈ సంగతి మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. అమెరికాలోని మెంఫిస్ పట్టణములో చెత్త ఎత్తే పని నల్లజాతి వారిది. అధికారులు తెల్లవారు. జీతము ఎంత తక్కువంటే, రోజంతా పనిచేసి కూడ అనేకులు ప్రభుత్వ సహాయము మీద ఆధారపడేవారు. 1968 ఫిబ్రవరి 1న వర్షము కురియుచుండగా ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అను ఇద్దరు పనివారు చెత్త బండి వెనుక భాగములో తలదాచుకొన్నారు. చెత్తను నలిపే యంత్రము దానంతట అది కదిలి వారిని నలిపివేసినది. ఫిబ్రవరి 12 నుండి సుమారు 1,300 మంది పని మానివేశారు. వారు మెడలో వేసుకొన్న అట్టల మీద జీతము లెక్క వ్రాయలేదు. నేను మనిషిని అని వ్రాసుకొన్నారు.

వారికి తోడుగా రమ్మని డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్‌గారిని పిలిచినది జేమ్స్ లాసన్ అను మెథడిస్టు కాపరి. ఈ లాసన్‌గారు అంతకుముందు మన నాగపూరులోని హిస్లాప్ కాలేజీలో పనిచేసి వెళ్ళినవారు. బాప్తిస్టు కాపరియైన కింగ్‌గారు అప్పటికి పేదలందరినీ, ఏ రంగు వారినైనా, ఒకటిగా నడిపించే ఉద్యమమునకు సిద్ధపడుచున్నారు. ఒకే బల్ల దగ్గర కూర్చొనే హక్కు వచ్చినా, ఆ బల్ల మీది భోజనము కొనలేకపోతే ప్రయోజనమేమని ఆయన గ్రహించారు. ఏప్రిల్ 4న మెంఫిస్‌లోనే ఆయన కాల్చి చంపబడ్డారు. ఏప్రిల్ 16న నగరపాలన దిగివచ్చి జీతము పెంచి, కార్మికుల సంఘమును గుర్తించినది. జీతముతో పాటు గుర్తింపు కూడ వారు అడిగినదే. మా మాట లెక్కలోనికి రావాలి అనునది వారి కోరిక.

కింగ్‌గారు 1959లో మన దేశమునకు వచ్చినప్పుడు తిరువనంతపురములో ఒక బడి పిల్లల ముందు ఆయనను అమెరికా నుండి వచ్చిన అంటరాని సహోదరుడని పరిచయము చేశారట. మొదట ఆయనకు మనస్సు చివుక్కుమన్నది. తరువాత ఆలోచించి, అవును, నేను అంటరానివాడనే అనుకొన్నానని 1965లో తన సంఘములో ప్రసంగిస్తూ చెప్పారు. రంగు వేరు, కులము వేరు అని వాదించేవారు ఉన్నారు. కాని 2002లో ఐక్యరాజ్య సమితి యొక్క జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులము కూడ చేరునని స్పష్టపరచినది. రెండిటి పని ఒక్కటే. ఈ మురికి పని ఎవరిది అని అడిగితే, పుట్టుకను చూపించి జవాబు చెప్పుట.

6. మన వీధిలో చీపురు

ఇక మన ఇంటికి వద్దాము. చేతులతో మలము ఎత్తించుటను నిషేధించే చట్టము 1993లో వచ్చినది. మరింత బలమైన చట్టము 2013లో వచ్చినది. మురుగు గుంటలలో చనిపోయినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2014లో చెప్పినది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచినది. ఈ పోరాటమును నడిపినవారిలో బెజవాడ విల్సన్‌గారు ముఖ్యులు. ఆయన కోలారు బంగారు గనులకు వలస వెళ్ళిన తెలుగు కుటుంబపు బిడ్డ. ఆయన ఇంటివారు అక్కడ పాకీ పని చేసినవారే. 2016లో ఆయనకు రామన్ మెగసెసే బహుమతి వచ్చినది.

చట్టము వచ్చినా చావులు ఆగలేదు. ఎందుకు? యంత్రము కొనుటకు డబ్బు లేకనా? గుంటలోనికి దిగుటకు ఒక కులపు మనిషి తక్కువ కూలికి దొరుకుచున్నంత కాలము యంత్రము ఎవరికీ అవసరముగా కనబడదు. అక్కడ పేదరికము, కులము ఒకే త్రాడుకు రెండు పురులు.

2025 ఆగస్టులో రాయపురము, తిరు వి.క. నగర్ మండలముల పారిశుధ్య కార్మికులు తమ పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించవద్దని రిప్పన్ బిల్డింగు ముందు రెండు వారాల దగ్గరగా కూర్చొన్నారు. రాత్రివేళ పోలీసులు వారిని లేపివేశారు. ఈ పనిలో ఉన్నవారిలో తెలుగు ఇండ్లు ఎన్నో, మీకే తెలుసు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. వారు బియ్యము అడుగలేదు. తమ బ్రతుకును గూర్చి నిర్ణయించే చోట తమ మాట వినమని అడిగారు.

చదువు, ఉద్యోగము విషయములో 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల 18 శాతములో 3 శాతము అరుంధతియరులకు కేటాయించినది. ఆ జాబితాలో మాదిగ, ఆది ఆంధ్ర పేర్లు కూడ ఉన్నాయి. అటువంటి వర్గీకరణ చెల్లునని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పినది. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. అందువలన మనలో కొన్ని ఇండ్లలో సర్టిఫికెట్టులో ఒక పేరు, సంఘపు రిజిస్టరులో ఒక పేరు ఉన్నది. ఆ ఇండ్లవారి మనస్సాక్షికి తీర్పు తీర్చుట ఈ పాఠము పని కాదు. బాప్తిస్మము తీసుకొన్నందున కులము పోయినదని కాగితము అంటున్నది. చీపురు చేతిలోనుండి పోయినదా అని మాత్రము మనము అడుగవలెను.

7. మన సంఘములో

ప్రియులారా, ప్రభుత్వమును, యజమానులను ప్రశ్నించుట సులువు. మన లోపల చూచుకొనుట కష్టము. యాకోబు తన పత్రికలో మంచి బట్టలవానికి కుర్చీ, మురికి బట్టలవానికి పాదపీఠము దగ్గర చోటు చూపే సంఘమును గద్దించెను. మన సంఘములలో మాల, మాదిగ అను గోడ పూర్తిగా పడిపోయినదా? పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు మొదటి ప్రశ్న ఏది? ఆఫీసు ఉద్యోగము చేసే సహోదరుడు కమిటీలోనికి తేలికగా వచ్చుచున్నాడు. వీధి ఊడ్చే సహోదరి ముప్పది సంవత్సరములు దశమ భాగము ఇచ్చినా ఒక్కసారైనా లెక్కల పుస్తకము ఆమె చేతికి ఇచ్చామా?

కావున ఈ నెలలో ప్రతి సంఘము ఈ నాలుగు పనులను ఆలోచించవలెనని మనవి.

మొదటిది, సహాయ నిధి కమిటీలో సగము స్థానములు ఆ సహాయము పొందే కుటుంబముల వారికి ఇవ్వండి. అందులో స్త్రీలు తప్పక ఉండవలెను.

రెండవది, పారిశుధ్య పనిలో ఉన్న ఇంటి బిడ్డ పదవ తరగతి తరువాత చదువు మానకుండ చూచుటకు ఒక పెద్దను బాధ్యునిగా పెట్టండి. తండ్రి ఉద్యోగము కొడుకుకు వస్తుందిలే అను మాటను ఆశీర్వాదముగా చెప్పకండి.

మూడవది, మురుగు గుంటలోనికి మనిషిని దింపుట నేరమని, దిగనని చెప్పే హక్కు పనివానికి ఉన్నదని ఆరాధన తరువాత అందరికీ వివరించండి.

నాలుగవది, సంఘ భోజనము రోజున ఎప్పుడూ వడ్డించేవారు కూర్చొనవలెను, ఎప్పుడూ ఊడ్చేవారికి ముందుగా వడ్డించవలెను. చిన్న పనియే. చేసి చూడండి, ఎవరికి ఇబ్బందిగా ఉంటుందో తెలియును.

చర్చించుటకు ప్రశ్నలు

1. యెరూషలేము సంఘము మరికొంత ఆహారము మాత్రమే ఇచ్చి ఊరుకొని ఉంటే ఆ సణుగు ఆగియుండేదా? ఎందుకు?
2. ఒంగోలులో పెద్దల షరతును ఒప్పుకొని ఉంటే నేడు మన స్థితి ఎట్లుండేది?
3. 1921లో ఆది ద్రావిడ కార్మికుని స్థానములో మీరుంటే ఏమి చేసియుందురు?
4. జీతము పెరిగినా గౌరవము పెరుగని అనుభవము మీకు ఉన్నదా? గౌరవము ఉన్నా జీతము చాలని అనుభవము ఉన్నదా?
5. మన సంఘములో పంచే చోట ఎవరున్నారు? ఎవరు లేరు?

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆమె చివరి సంవత్సరములలో మా సంఘములో ప్రేమ విందు రోజున ఒక కాపరిగారు గరిటె ఆమె చేతికి ఇచ్చి, అమ్మా, ఈ రోజు మీరు వడ్డించండి అన్నారు. ఆమె కొంచెము సేపు గరిటె పట్టుకొని నిలువబడిపోయినది. తరువాత చివరి పంక్తి వరకు ఎవరినీ విడువక, ఎవరికీ తక్కువ చేయక వడ్డించినది. దోసిలి పట్టిన చేతికి కొలత బాగా తెలుసు. ఆ చేతికి గరిటె ఇచ్చే ధైర్యము మన సంఘములకు దేవుడు దయచేయును గాక.